పదునంటే తడి కాదు
(అయివారి స్మారకోపన్యాసం, పూర్తి పాఠం)



అయివారిని తలుచుకుంటూ కాసేపు మాట్లాడమని మీరు అడిగినప్పుడు విషయం కోసం వెతుక్కునే పని పడలేదు. ఆయన దగ్గర ఐదేళ్లు చదువుకున్నాను. చెప్పిన లెక్కల్లో సగం మరిచిపోయాను, ఛందస్సులో ముప్పాతిక మరిచిపోయాను. ఒక్క మాటను మాత్రం మరవడానికి వీల్లేకుండా నేర్పారు. దాన్ని ఆయన నోటితో చెప్పలేదు, నా పిడికిట్లో పెట్టారు. ఆ మాట పదును.

అప్పుడు నేను ఏడో తరగతి. ఆరుద్ర కార్తె నడుస్తోంది. మూడు వారాలుగా సాయంత్రం మబ్బు పట్టడం, గాలి లేచి ఆ మబ్బును తరిమేయడం, ఇదే వరస. ఆ రాత్రి మాత్రం చూరు ధారలు కట్టేదాకా కురిసింది. తెల్లారి పోతే అయివారు బడిలో లేరు. బడి వెనక ఎర్రచేను గట్టు మీద పంచె ఎగగట్టి నిలబడి ఉన్నారు. నన్ను చూసి, "ఏమబ్బీ, పదునైందో లేదో చూసి చెప్పు" అన్నారు. వంగి నేల మీద చెయ్యి పెట్టి, "తడిగా ఉంది అయివారూ" అన్నాను. "తడి నాకూ కనపడ్తాంది. పదునైందా అని అడిగితి నేను" అన్నారు. జానెడు లోతు తవ్వించి, అడుగు మన్ను పిడికిట పట్టమన్నారు. గట్టిగా పిసికితే ఉండ అయింది. మోకాలి ఎత్తు నుంచి వదలమన్నారు. అది దబ్బున పడి అప్పచ్చి మాదిరి అణిగిపోయింది. "ఇంగా కాలే. పొద్దు నడినెత్తికొచ్చినాక రా."

మధ్యాహ్నం బువ్వ తిని మళ్లీ పోయాను. ఈసారీ ఉండ కట్టింది గానీ, కింద పడగానే పొడిపొడిగా విచ్చుకుంది. అరచేతికి బురద అంటలేదు, చల్లదనం ఒక్కటే అంటింది. "ఇదబ్బీ పదునంటే" అన్నారు. ఆ చేను ఆసామి అప్పటికే ఎద్దుల మెడ మీద కాడి వేసి, మడక కట్టుకుని ఎదురొస్తున్నాడు. ఆయనకు ఎవరూ చెప్పి పంపలేదు.

కర్నూలు, కడప పల్లెల్లో ఈ మాటను మోసుకు తిరిగే మనిషికి దాని అర్థం చెప్పాల్సిన అవసరం పడదు. మడక దిగడానికి, గింజ మొలవడానికి నేల సిద్ధమైన స్థితి పదును. నీళ్లు మించితే అడుసు, చాలకపోతే పొడిదుక్కి. ఆ రెండింటి నడుమ ఉండేది కొద్దికాలమే. డోన్, ప్యాపిలి, రాయచోటి వైపు ఎర్రనేలల్లో మూడో పొద్దుకే పదును ఆరడం మొదలవుతుంది. ఎర్రమన్ను నీళ్లను తొందరగా తాగుతుంది, తొందరగానే వదిలేస్తుంది. రేనాటి నల్లరేగడి తీరు వేరు. కోవెలకుంట్ల, జమ్మలమడుగు చేలల్లో గట్టి వాన పడితే నాలుగు రోజులు మనిషి కాలు పెట్టలేడు, ఎద్దు గిట్టకు తట్టెడు మన్ను అంటుకొస్తుంది. కానీ ఒకసారి పదునైతే నెలల తరబడి నిలుస్తుంది. చిత్త, స్వాతి కార్తెల్లో వేసిన శనగ, పైన చుక్క వాన లేకపోయినా, ఆ దాచిన పదును మీద, రాత్రి కురిసే మంచు మీద పండుతుంది. శనగచేను పదును తాగి బతుకుతుందని మావాళ్లు అంటే అందులో అలంకారమేమీ లేదు. నేల అడుగున జరిగేది అదే.

ఇక్కడ నన్ను చాలా ఏళ్లు సతాయించిన చిక్కు ఒకటి ఉంది. నిఘంటువు తెరిస్తే ఈ మాట రెండు ముక్కలుగా కనిపిస్తుంది. ఒకచోట వాడి, ఇంకొకచోట తడి. పత్రికల్లో పదునైన విమర్శ అంటారు, పదునైన కత్తి అంటారు. పట్నంలో పెరిగిన పిల్లవాడికి ఆ కత్తి ఒక్కటే తెలుసు. ఇనుప కత్తి గట్టిది, పొడిది, కోసేది. చేను మన్ను మెత్తనిది, చల్లనిది, మొలిపించేది. రెండింటికీ ఒకే మాట ఎట్లా కుదిరింది? వేర్వేరు మాటలు పలుకులో కలిసిపోయాయేమో అని మొదట్లో అనుకున్నాను.

ఆ చిక్కు విడిపోయింది కొలిమి దగ్గర. వానాకాలం ముందు మా ఊరి కమ్మరి కొలిమి కాడ పొద్దు గూకేదాకా జనం ఉండేవాళ్లు. మడక కర్రులు, కొడవళ్లు, గొడ్డళ్లు అన్నీ అక్కడికే. ఆయన కర్రును ఎర్రగా కాల్చి, దాయి మీద పెట్టి కొట్టి, కొన సాగదీసి, ఆఖరున పట్టకారుతో పట్టుకుని నీళ్లతొట్టిలో కొనమట్టుకే ముంచేవాడు. ముంచి వెంటనే తీసి కళ్లు చికిలించి చూసేవాడు. వెనకనున్న వేడి మెల్లగా కొన వైపు పాకుతుంటే ఇనుము రంగులు మారుతుంది. ఆయన అనుకున్న రంగు రాగానే మళ్లీ ముంచేవాడు. అదీ పదును పెట్టడమంటే. చల్లార్చడం ఎక్కువైతే కర్రు పెళుసై మొదటి గుండ్రాయికే పెచ్చు ఊడుతుంది. తక్కువైతే మెత్తనై వంగిపోతుంది. వాడి రావడం ఆ తరువాత, సానరాయి మీద. పదును పెట్టడం వేరు, సాన పట్టడం వేరు. ఈ రెంటినీ ఒకటి చేసింది కొలిమి చూడని మన రాతలే.

తోలు పనివాళ్లదీ ఇదే మాట. పచ్చితోలును సున్నంలో నానవేసి, బొచ్చు తీసి, తంగేడు చెక్క నీళ్లలో ఊరబెట్టి కుళ్లకుండా, బిరుసెక్కకుండా చేసే పనిని తోలు పదును చేయడం అంటారు. కపిల తోలిన రోజుల్లో బావిలోంచి నీళ్లు ఎత్తే బానకు అట్లాంటి తోలే కావాలి. పదును సరిగా లేని తోలు ఒక ఎండకు పగులుతుంది, ఒక వానకు నానిపోతుంది.

చేను, కర్రు, తోలు. ఈ మూడు చోట్లా ఆ మాట చెప్పేది ఒకటే. ఒక వస్తువు తన పనికి సరిగ్గా సిద్ధమైన స్థితి, ఇటూ అటూ జారితే చెడిపోయే స్థితి. కొలిచి చెప్పలేము. తెలిసిన కన్ను, తెలిసిన చెయ్యి తీర్పు చెప్పాలి. వాడి, తడి రెండూ ఆ మూలార్థానికి పుట్టిన పిల్లలు.

పొరుగు భాషలు కూడా ఇదే సాక్ష్యం చెబుతాయి. తమిళంలో పదం అంటే పాకం సరిగ్గా కుదరడం. కుండెడు అన్నానికి ఒక్క మెతుకే పదం అని వాళ్ల సామెత. ఇది సంస్కృతం నుంచి మనం తెచ్చుకున్న పదం కాదు, ద్రావిడ భాషల సొంత సొత్తు. తోలు పదును చేయడాన్ని వాళ్లు పదనిడు అంటారు. కన్నడంలో పాలు హాలు అయినట్టు, పులి హులి అయినట్టు, ఈ మాట హద అయింది. ఆదోని, ఆలూరు వైపు ఇంట్లో ఒక భాష, అంగడిలో ఒక భాష మాట్లాడే కుటుంబాల్లో హద, పదును రెండూ ఒకే నోట వినపడతాయి. అటు బళ్లారి రైతు హదవాద మళె అన్నా, ఇటు మా రైతు పదునువాన అన్నా, ఇద్దరూ ఒకే మబ్బు కింద నిలబడి ఒకే మాట అంటున్నారు.

ఈ మాటకు జోడు ఇంకొకటి ఉంది, అదను. అదను కాలానిది, పదును నేలది. అదనెరిగి సేద్యం, పదునెరిగి పైరు అని సామెత. పదునైనా అదను దాటిపోతే విత్తనం పురుగు పాలు. అదనున్నా పదును లేకపోతే విత్తనం మన్ను పాలు. సూర్యుడు ఒక్కో కార్తెలో పదమూడు, పద్నాలుగు రోజులుంటాడు. ఆ పక్షంలో ఒక్క పదునువాన పడాలి. ఆరుద్రలో పడకపోతే పునర్వసు, అదీ కాకపోతే పుష్యమి. ఒక్కో కార్తె తప్పేకొద్దీ వేసే పంట మారుతుంది, గింజ మారుతుంది, రైతు ఆశ ఒక మెట్టు దిగుతుంది. సెప్టెంబరు నడుమ ఉత్తర వచ్చేసరికి ఆ మెట్లు అయిపోతాయి. ఉత్తర చూసి ఎత్తర గంప అన్నారు పెద్దలు. గంప ఎత్తేది వలసకే.

వలసకు కర్నూలు పడమటి ఊళ్లలో, కోసిగి, మంత్రాలయం చుట్టుపక్కల, సుగ్గి అంటారు. సుగ్గికి పోయినారు అంటే పిల్లాజెల్లాతో గుంటూరు వైపు మిరపకాయలు కోయడానికి పోయినారని. కన్నడంలో సుగ్గి అంటే పంట ఇంటికొచ్చిన సంబరం. పంట పండగ పేరు, తన చేను పండనివాడు ఇంకొకరి పంట కోయడానికి పోయే దారికి పేరైంది. ఈ ఒక్క మాట గుండా సీమ నూరేళ్ల చరిత్ర రాయవచ్చు. అయివారు బతికుంటే ఆ పని నా మీద వేసి ఉండేవారు.

ఇక సాహిత్యం సంగతికొస్తాను. చాలాకాలం కిందట నేనొక కథ రాశాను. అందులో ఒక ముసలాయన అప్పు కోసం పొరుగూరు పోయి, పొద్దుగూకినా డబ్బు చేతికి రాక, తిరిగి వస్తూ, "పదును ఆరిపోతాందే" అని గొణుక్కుంటాడు. విత్తనం కొనడానికి డబ్బు లేదు, పదును మాత్రం ఎవరి కోసమూ ఆగదు. కథ అంతా ఆ మాట మీదే నిలబడింది. అచ్చులో చూస్తే అది "తడి ఆరిపోతోంది" అయి ఉంది. ఏ పత్రికో చెప్పను. దిద్దినవాళ్లు చెడు తలపుతో చేయలేదు, పాఠకులకు తెలియదేమోనని సాయం చేశారు. కానీ తడి బట్టకు ఆరుతుంది, తలకు ఆరుతుంది. ఆ ముసలాయన గుండెలో ఆరిపోతున్నది తడి కాదు. ఒక ఏడాది బతుకు. అచ్చులో ఆయన చొక్కా ఆరబెట్టుకుంటున్నట్టుంది.

ఆ పత్రిక పట్టుకుని అయివారి దగ్గరికి పోయాను. ఆయన ఓదార్చలేదు. "నువ్వు రాసిన వాక్యంలో ఆ మాటకు పట్టు ఉందా, లేక సీమ మాట ఒకటి ఉండాల అని పెట్టినావా? పట్టు ఉంటే వాళ్లు తీసేసరికి కథ కూలాల. కూలిందా?" అన్నారు. కూలింది అన్నాను. "అయితే సరిగానే రాసినావు పో" అన్నారు. మాండలికం గురించి ఎన్నో సభల్లో ఎన్నో వాదాలు విన్నాను. ఇంతకు మించిన కొలబద్ద నాకు ఎక్కడా దొరకలేదు.

ఆ కొలబద్దతో చూస్తే కొన్ని పేర్లు వాటంతట అవే ముందుకొస్తాయి. బండి నారాయణస్వామి గారి కథ 'వాన రాలే' శీర్షిక చూడండి. కోస్తా పాఠకుడు మొదటి చూపులో రాలే వాన, కురిసే వాన అనుకోవచ్చు. అనంతపురం చెవికి మాత్రం వాన రాలేదు అనే వినపడుతుంది. ఒక్క క్రియ చివరి పలుకుబడి మీద కురవడం, కురవకపోవడం రెండూ వేలాడుతున్నాయి. ప్రామాణిక భాషలోకి దిద్దితే ఆ శీర్షిక ఒట్టి వార్త అవుతుంది. సన్నపురెడ్డి వెంకటరామిరెడ్డి గారి 'కొండపొలం' 2019లో వచ్చింది. కరువు కాలంలో గొర్రెలను తోలుకుని నల్లమల ఎక్కి మేపుకునే ప్రయాణానికి కాపరులు పెట్టుకున్న పేరది. నవల రాకముందు గొర్రెల కాపరుల ఊళ్లు దాటితే ఆ మాట ఎంతమందికి తెలుసు? 2021లో సినిమా వచ్చాక రాష్ట్రమంతా పలికింది. ఎవరూ కింద అర్థం రాసి ఇవ్వలేదు. కథే అర్థం చెప్పింది.

కేతు విశ్వనాథరెడ్డి గారి దారి ఇంకొక రకం. కమలాపురం దగ్గరి రంగశాయిపురంలో 1939లో పుట్టి, కడప జిల్లా ఊళ్ల పేర్ల మీద పరిశోధన చేసిన మనిషి. ఊరి పేరులో వాగుందా, గుట్టుందా, చెరువుందా అని తవ్వి చూసిన కన్ను ఆయనది. ఆయన కథల్లో రచయిత గొంతు నెమ్మదైన వాడుక భాషలో నడుస్తుంది, పాత్రలు నోరు తెరిస్తే కడప మాట్లాడుతుంది. 1996లో ఆయన కథలకు కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చినప్పుడు, నాకైతే ఊళ్ల పేర్లు మోసిన ఆ చెవికే వచ్చినట్టు అనిపించింది. 2023లో ఆయన పోయారు. అయివారు, ఆయనా ఎప్పుడూ కలుసుకోలేదు. కలిసి ఉంటే ఏ ఊరి పేరు దగ్గర మాట మొదలయ్యేదో అని అప్పుడప్పుడూ ఊహించుకుంటాను.

దూరదేశం కథ ఒకటి చెబుతాను, మన సంగతికి బాగా అతికేది. స్కాట్లండు పల్లెభాషను ఇంగ్లీషుకు చెడిపోయిన రూపంగా చూసిన కాలం ఒకటుంది. జాన్ జేమీసన్ అనే ఆయన 1808లో ఆ భాషకు పెద్ద నిఘంటువు వేశాడు. తరువాత 1915లో సర్ జేమ్స్ విల్సన్ పెర్త్‌షైర్‌లోని ఒక చిన్న ప్రాంతపు పలుకుబడి మీద పుస్తకం రాశాడు. ఈ విల్సన్ మన దేశంలో పనిచేసి వెళ్లిన ఉద్యోగి. పంజాబులో ఉన్నప్పుడు షాపూర్ జిల్లా పంజాబీకి వ్యాకరణం, పదకోశం తయారు చేశాడు. ఇక్కడి పల్లెమాట విన్న చెవితోనే తన ఊరి మాటనూ విన్నాడని నా నమ్మకం. ఆయన పుస్తకంలో రెండు మాటలు ఒక కుర్రకవి కంట పడ్డాయి. ఒకటి వాటర్‌గా, అంటే మసకగా, ముక్కగా కనిపించే ఇంద్రధనుస్సు. రెండోది యౌ-ట్రమ్మల్. గొర్రెలకు బొచ్చు కత్తిరించిన తరువాత నడి ఎండాకాలంలో హఠాత్తుగా వచ్చే చలి. బొచ్చు లేని గొర్రె వణికే చలి కాబట్టి దానికి గొర్రెవణుకు అనే పేరు పెట్టుకున్నారు కాపరులు.

ఆ కవి హ్యూ మెక్‌డయర్మిడ్ అనే కలం పేరు పెట్టుకున్న క్రిస్టఫర్ గ్రీవ్. ఆ రెండు మాటలనూ పట్టుకుని 1922లో 'ద వాటర్‌గా' అనే చిన్న కవిత రాశాడు. గొర్రెవణుకు చలిలో ఒక సాయంత్రం మసక ఇంద్రధనుస్సు చూసి, చనిపోతున్న మనిషి కడసారి చూపు గుర్తుకు రావడం అందులోని విషయం. స్కాట్లండు ఆధునిక కవిత్వం కొత్త మలుపు తిరిగింది అక్కడే అంటారు. నాకు అందులో నచ్చింది మలుపు కంటే ఆ గొర్రెవణుకు. మన కురువ కాపరికి ఆ మాట చెప్పి చూడండి, అర్థం అడగడు. బొచ్చు తీసిన మందను రాత్రిపూట దొడ్లో ఎట్లా ఒత్తుగా కూర్చోబెట్టాలో చెబుతాడు. పల్లెమాట అంత చిన్న చోటు నుంచి అంత దూరం పోగలదు. పోయినది ఆ మాటలోని ఖచ్చితత్వం వల్ల. పాతదనే మురిపెంతో మాత్రం కాదు.

మన సీమ మాటను కూడా ఎన్నో ఏళ్లు మోటు అన్నారు. తెలుగులో ఇప్పటికి దొరికిన తొలి శాసన వాక్యాలు ఈ రేనాటి రాళ్ల మీదే ఉన్నాయి, ఆరో శతాబ్దం నాటి కలమళ్ల, ఎర్రగుడిపాడు శాసనాలు. 1928లో నంద్యాల సభలో చిలుకూరి నారాయణరావు గారు రాయలసీమ అని పేరు పెట్టేదాకా మనల్ని దత్తమండలాలు అన్నారు. ఎవరో ఎవరికో ఇచ్చేసిన నేల అన్నమాట. పేరు మారింది. మాట మీది చిన్నచూపు అంత తొందరగా మారలేదు. బడిలో ఎనుము అంటే గేదె అని దిద్దేవాళ్లు, మడక అంటే నాగలి అని దిద్దేవాళ్లు. అయివారు మాత్రం, "గేదె అని కూడా రాసుకోండి, ఎనుమును చంపొద్దు" అనేవారు. ఆ తీరులోనే భద్రిరాజు కృష్ణమూర్తి గారి ఆధ్వర్యంలో మాండలిక వృత్తి పదకోశం, మొదటిది వ్యవసాయ సంపుటం, 1962లో వచ్చింది. రైతుల దగ్గరికి పోయి, పనిముట్టు చూపించి, దీన్నేమంటారు అని అడిగి రాసుకున్న పుస్తకం. ఒక భాష తన రైతును పండితుడుగా కూర్చోబెట్టి అడగడం నాకు చాలా పెద్ద సంగతిగా తోస్తుంది.

మాట తప్పితే మనిషికి ఏం నష్టం అని పిల్లలు అడగవచ్చు. వాతావరణ శాఖ లెక్కలో రోజుకు 2.5 మిల్లీమీటర్లు పడితే అది వాన పడిన రోజు. శాస్త్రానికి ఒక గీత కావాలి, అది తప్పు కాదు. కానీ మన ఎర్రనేలలో ఆ రెండున్నర మిల్లీమీటర్లు దుమ్ము అణుస్తాయి, అంతే. అట్లాంటి రోజులు పది వచ్చినా కాగితం మీద పది వానలు, చేలో ఒక్క పదునూ లేదు. ఏడాదికి ఆరేడు వందల మిల్లీమీటర్లు కురిసే సీమలో కరువు ఎందుకని బయటివాళ్లు అడుగుతారు. ఎన్ని మిల్లీమీటర్లు కురిసిందని కాకుండా, ఎన్ని పదున్లయింది, ఏ కార్తెలో అయింది అని అడిగితే జవాబు ప్రశ్నలోనే దొరుకుతుంది.

సర్కారుకు మాటలతో ఉన్న పేచీ కొత్తది కాదు. 1820లో కడపలో కొలువులో చేరి, తరువాత ఇక్కడే బంగళా కొని పండితులను కూర్చోబెట్టి మన కావ్యాలు శుద్ధప్రతులు చేయించిన చార్లెస్ ఫిలిప్ బ్రౌన్‌ను, 1832–33 నాటి డొక్కల కరువు కాలంలో తన రాతల్లో కరువు అన్న మాట వాడినందుకు ప్రభుత్వం తప్పుపట్టింది. ఇంకొంచెం మెత్తని మాట వాడి ఉండాల్సిందట. జనం చస్తున్నది దేనివల్లో ఆయనకు తెలుసు, దాని పేరే రాశాడు. 1852లో అచ్చయిన ఆయన నిఘంటువు తిరగేసినప్పుడల్లా నాకు ఈ సంగతి గుర్తొస్తుంది. ఒక్క మాటకు మందలింపు తిన్న మనిషి వేల మాటలకు లెక్క రాశాడు.

ఇప్పుడు మా ఊళ్లో మడకలు లేవు. ట్రాక్టరు గొర్రు వచ్చింది. గొర్రు వెనక నడుస్తూ జడ్డిగంలో గింజలు వదిలే ఆడమనిషి చెయ్యి ఇప్పుడు కనపడదు. పిడికిలి బిగించి, వేళ్ల సందుల్లోంచి మూడు గొట్టాలకు సమంగా, అడుగు అడుగుకూ అదే లెక్కన గింజ జార్చే చెయ్యి అది. మా అమ్మ చెయ్యి అట్లాంటిది. గింజ వదులుతూనే కాలి వేళ్లతో సాలును తాకి చూసేది. "పదును కిందికి దిగిపోయింది, గొర్రు ఇంకొంచెం ఒత్తు" అని ముందు పోతున్న మా నాయనకు చెప్పేది. ఆమెకు అక్షరం రాదు. పదును ఎక్కడుందో ఆమె కాలి బొటనవేలికి తెలుసు.

బోర్లు వచ్చాక పదును చేసుకోవడం అని కొత్తగా అంటున్నారు. వాన కోసం ఆగకుండా నీళ్లు కట్టి నేలను సిద్ధం చేసుకోవడం. మాట బతికే ఉంది, కొత్త పనికి ఒదిగింది. మెట్టినింటి నుంచి ఫోన్ చేసిన కూతురు మొదట అడిగేది ఇప్పటికీ ఇదే. "నాయనా, మన పక్క పదునైందా?" బాగున్నావా అని అడగడానికి మా సీమలో ఇంతకంటే నేరు దారి లేదు.

ఒక సంగతి చెప్పి కూర్చుంటాను. అయివారు పోయిన తరువాత వాళ్ల అమ్మాయి నాకొక నోటుపుస్తకం తెచ్చి ఇచ్చింది. అట్ట ఊడిపోయిన రెండు వందల పేజీల పుస్తకం. అందులో ఆయన సీమ మాటలు అక్షరక్రమంలో రాసుకున్నారు. ప్రతి మాటకూ ఎదురుగా అర్థం, ఎవరి నోట విన్నారో వాళ్ల వృత్తి, ఎప్పుడు విన్నారో ఆ రోజు. వామి, కసువు, జడ్డిగం, సుగ్గి అన్నీ ఉన్నాయి. ఆత్రంగా 'ప' తీశాను. పదును అని రాసి ఉంది. ఎదురుగా అర్థం లేదు. దాని కోసం ఆయన నాలుగు పేజీలు వదిలి, వాటి నిండా అర్థానికి బదులు సంవత్సరం, కార్తె, ఏ చేను, ఏమి విత్తారు అని మాత్రమే రాసుకుంటూ పోయారు. కొన్ని ఏళ్లకు ఆరేడు వరసలున్నాయి. కొన్ని ఏళ్లకు ఒకటే. రెండు ఏళ్లకు సంవత్సరం వేసి, ఎదురుగా ఒక గీత గీశారు.

ఆ పుస్తకాన్ని ఈ రోజు ఈ బడికి ఇస్తున్నాను. నాలుగో పేజీలో కింది సగం ఇంకా ఖాళీగా ఉంది. మొన్న స్వాతి కార్తెలో పడిన వానకు బడి వెనక చేలో శనగ వేశారని, పదును జానెడు దిగిందని ఏడో తరగతి అమ్మాయి ఒకతి చేతికి మన్ను అంటించుకుని వచ్చి నాకు చెప్పింది. ఆ వరస ఆమె చేతనే రాయించండి.